పేట బావి నీళ్ళు

“తాడు యాడ పెట్నావురా?”

గురవమ్మ ఆ మాట అడగడం అది మూడోసారి. కొడుకు జయరావు గడప మీద కూర్చుని, బడికి తొడుక్కుపోయే చొక్కాకు ఊడిన గుండీ కుట్టుకుంటున్నాడు. ఎన్నడూ చేసిన పని కాదది. భార్య నిర్మలమ్మను అడగడానికి ఈ పొద్దు అభిమానం అడ్డొచ్చింది.

బయట పొద్దు బారెడెక్కింది. బావి దగ్గర పేట ఆడవాళ్ళ గొంతులు పెరుగుతున్నాయి. గిలక ఒట్టిగా వేలాడుతోంది.

ఊరికి ఎడంగా ఉన్న పేటలో ముప్పై ఇళ్ళకూ అదొక్కటే బావి. చేంతాడు చివికిపోకుండా ప్రతి సాయంత్రం తీసి, చర్చి సంఘం కార్యదర్శి ఇంట్లో ఆరవేయడం అలవాటు. కార్యదర్శి జయరావే. మిషను బడిలో అయివారు కూడా అతనే.

“పేటంతా కడవలు పట్టుకోని నిలబడుండారు. వాళ్ళేం పాపం చేసినార్రా?”

“వాళ్ళకిస్తా. పెద్దింటోళ్ళకు ఒక్క చెంబు కూడా పొయ్యనని నువ్వు చెప్పు. ఈ నిమిషమే తెచ్చిస్తా.”

అదీ తగాదా. నాలుగు రోజుల కిందట, మిట్టమధ్యాహ్నం వేళ, ఊరి పెద్దింటి కోడలు దేవకమ్మ ఏడాది బిడ్డను చంకనేసుకుని పేట బావి దగ్గరికి వచ్చింది. వానల్లేక అది రెండో ఏడు. ఊరి బావిలో బురద తప్ప మిగల్లేదు. ఆ బురదనే గుడ్డతో వడగట్టి తాగి, ఊళ్ళో వాంతులు, భేదులు పట్టుకున్నాయి. దేవకమ్మ బిడ్డ కళ్ళు గుంటలు పడి, ఏడ్చే ఓపిక కూడా లేక తల వేలవేసింది. గురవమ్మ మారు మాట్లాడకుండా రెండు కడవలు తోడిపోసింది. పెళ్ళికి ముందు మిషను ఆస్పత్రిలో ఆయాగా చేసిన నిర్మలమ్మ, పల్చని గంజిలో ఉప్పు కలిపి బిడ్డ నోట్లో చుక్క చుక్కగా పోసింది.

మర్నాడూ వచ్చింది దేవకమ్మ. ఆ మర్నాడూ వచ్చింది. నిన్న జయరావు కంటబడింది.

“నేను అట్ల చెప్పన్రా,” అంది గురవమ్మ.

“అయితే నీ చెయ్యి ఒకసారి సూసుకో.”

ఆమె చూసుకోలేదు. చూసుకోనక్కర్లేదు. కుడి మణికట్టు పక్కకు తిరిగిపోయి ఇరవై ఎనిమిదేళ్ళయింది. అప్పుడు జయరావు ఏడో నెల బిడ్డగా కడుపులో ఉన్నాడు. మే నెల ఎండలో కలుపు తీసి వస్తూ, దాహానికి కళ్ళు తిరిగి, ఊరి బావి తాడు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి మీదే పెద్దింటి చెంగయ్య నాయుడి చేతికర్ర పడింది. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించడానికి ఆమె మొగుడు మునెయ్యకు తొమ్మిది రోజులు పట్టింది. ఈ లోపల ఎముక తనకు తోచినట్టు అతుక్కుంది.

ఆ చేత్తోనే ముద్దలు కలిపి పెట్టి పెంచింది కొడుకును. వాడు ముద్ద కంటే ముందు మణికట్టును చూసేవాడు. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి తనకు నొప్పి మానింది గాని, వాడికి మానలేదని ఆమెకు తెలుసు.

“కొట్టినోడు ఇంకా బతికే ఉండాడు,” అన్నాడు జయరావు. “ఒక్కనాడన్నా తప్పయిందనినాడా? ఆ ఇంటి బిడ్డకా మన నీళ్ళు?”

“ఇరిగింది నా చెయ్యిరా. ఎవురికి పొయ్యాల్నో నన్నడుగు. నా తరఫున నువ్వు కోపం మోసింది సాలు.”

“నేను మొయ్యకపోతే ఎవురు మోస్తారు?”

గురవమ్మ లోపలికి పోయి, దండెం మీది తన రెండు చీరలూ లాగి, కొసా కొసా ముడేయడం మొదలుపెట్టింది. వంకర చెయ్యి ముడిని గట్టిగా బిగించలేకపోయింది. పళ్ళతో పట్టి లాగింది.

నిర్మలమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచింది. అత్త వైపు చూడలేదు, మొగుడి వైపూ చూడలేదు. ట్రంకుపెట్టె తెరిచి తన పెళ్ళిచీర తీసుకొచ్చి అత్త ముందు పెట్టింది.

“అది పెండ్లిచీర నిర్మలా!”

“తడిస్తే ఆరుతాది లెండి,” అందామె.

చీరలతో నీళ్ళు తోడడం పేటలో ఎవరూ చూసింది కాదు. మూడు కడవలు నిండేసరికి సంఘపెద్ద ఎల్లప్ప పరుగులాంటి నడకతో వచ్చాడు. అరవై దాటినా గొంతు తగ్గని మనిషి.

“ఏం వదినా ఈ అగచాట్లు? అయివారింట్లో గొడవ అయివారింట్లోనే ఉండాల గాని బాయి మీదికి తెస్తారా? రాండి అందరూ. సర్చికి రాండి.”

రాతిగోడల మీద తాటాకు కప్పిన చిన్న చర్చి అది. మగవాళ్ళు ఒకవైపు, కడవలు చంకలో దించకుండానే ఆడవాళ్ళు మరోవైపు కూర్చున్నారు. ప్రార్థన చేయబోయి ఎల్లప్ప మానుకున్నాడు. ముందు తగువు తీరాలి.

“వదినా, నేను నీ చేతి మాట ఎత్తను. అది నీ సొంతం. నేను కింది కుంట మాట అడుగుతా. ఆ కుంట ఎవురిది?”

“మనదే,” అంది గురవమ్మ.

“మనదే గదా? మా నాయన కాలంలో ఒక ఎండాకాలం ఊరి గొడ్లొచ్చి తాగినాయి. పోనీలే, నోరు లేని జీవాలని మనోళ్ళు ఊరుకున్నారు. మర్సటేడు గొడ్ల వెనకాల మనుసులొచ్చినారు. ఆ పైయేడు మనం దిగితే కుంట మైల పడతాదన్నారు. ఇప్పుడు ఆ గట్టు మీద నువ్వు నడవగలవా?”

ఎవరి బిడ్డో పాల కోసం గునిసింది. తల్లి సర్దుకుంది.

గురవమ్మ అందరూ అనుకున్నట్టు ఎదురు చెప్పలేదు. “నువ్వు చెప్పింది నిజమే ఎల్లప్పా,” అంది. “ఆ బయం నాకూ ఉండాది. ఈ బాయికి రాళ్ళు మోసి మోసి మా ఇంటాయన గూని పడి సచ్చిపోయినాడు. దీన్ని పోగొట్టుకుంటే పైకి పోయినాక ఆయన మొగం సూడలేను.”

“మరి?”

“ఇస్తే ఎట్ల ఇయ్యాలో తెలిసి ఇయ్యాల. మనం మోసుకపోయి వాళ్ళ వాకిట్లో పొయ్యొద్దు. వాళ్ళొస్తే మనం బాయి ఇడిసి పక్కకు జరగొద్దు. కావాల్సినోళ్ళు వచ్చి మన వరసలోనే నిలబడాల. మన తాడే, మన బొక్కెనే. వాళ్ళ చేత్తో వాళ్ళే తోడుకోవాల. ముందు నేనుంటే నా వెనక వాళ్ళు, వాళ్ళ వెనక నా కోడలు. పిలకాయలు రోగంతో పడిపోయిన ఇంటికి మాత్రం ముందర చోటు.”

ఎల్లప్ప పెద్దగా నవ్వాడు. “వాళ్ళు రారు వదినా! ప్రాణం పోయినా రారు.”

“పోయేది పిలకాయల ప్రాణమైతే వస్తారు.”

జయరావు గోడ దగ్గర్నుంచి లేచాడు. “కొట్టినోళ్ళకు దండం పెట్టడమేనామ్మా విశ్వాసమంటే? ఇంకా ఎన్ని తరాలు?”

“దండం పెట్టమని ఎవురు చెప్పినారు? వరసలో నిలబెట్టమంటా ఉండా.” ఆమె కొడుకు వైపు తిరిగింది. “ప్రభువు ఎండన పడి వచ్చి, బాయిగట్టు మీద కూర్చోని, తన జాతి కాని ఆడమనిషిని దాహమడిగినాడని నువ్వే గదరా బడిలో పిలకాయలకు చెప్పేది? నాకు సదువు రాదు. నీ నోట విన్నదే. అది కతగా చెప్పేదానికేనా, చేసేదానికి కాదా?”

జయరావు ముఖం ఎర్రబడింది. అందరి ముందూ తల్లి తనను అలా నిలదీయడం అదే మొదటిసారి. అతను గిరుక్కున తిరిగి బయటికి నడిచాడు.

కోపంతో పోయాడనుకున్నారు. కాసేపటికి బడి బీరువాలో పలకల వెనక దాచిన చేంతాడు భుజాన వేసుకొచ్చి, ఎల్లప్ప కాళ్ళ దగ్గర పడేశాడు.

“సంఘం తాడు సంఘానికిస్తా ఉండా. ఆ మనుసులు వస్తే నేను మాత్రం బాయి కాడికి రాను.”

“నీళ్ళు మనకే తక్కువైతేనో?” అని వెనకనుంచి ఒక ఆడమనిషి అడిగింది.

“అరకడవతో ఒండుకుంటాం,” అంది గురవమ్మ.

ఎల్లప్ప చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. చివరికి, “ఈ మాట పెద్దింటి గడప ముందర నిలబడి చెప్పేదెవురు?” అన్నాడు.

అడుగుతున్నప్పుడే అతనికి జవాబు తెలుసు.

ఊరి వీధిలో నడిచేటప్పుడు చెప్పులు చేత పట్టుకోవడం పేటవాళ్ళ అలవాటు. గురవమ్మకు చెప్పులే లేవు కనుక ఆ బాధ లేదు. పక్కన నడుస్తున్న నిర్మలమ్మ తన చెప్పులు ఇంట్లో వదిలి వచ్చింది. “చేత్తో పట్టుకునేది నా వల్ల కాదత్తా. కాలికి తొడుక్కోనొచ్చేదానికి ఈ పొద్దు కాదు,” అంది దారిలో. గురవమ్మకు నవ్వొచ్చింది. అంత భయంలోనూ నవ్వొచ్చినందుకు ఆశ్చర్యపోయింది.

చెంగయ్య నాయుడు తిన్నె మీద పడక కుర్చీలో ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. ఇన్నేళ్ళలో అంత దగ్గర్నుంచి ఆయన్ను చూడడం ఆమెకు అదే మొదటిసారి.

“ఏమే గురవీ. పెరట్లోకి రాకుండా ఈ పక్కొచ్చినావే.”

“పేట సంఘం మాట తెచ్చినా అయ్యా. అది వాకిట్లోనే చెప్పాల.”

ఆయన కనుబొమలు లేచాయి. ఆమె చెప్పింది. వరస మాటా చెప్పింది, ఒకే తాడు మాటా చెప్పింది. ఒక్క మాటా తగ్గించలేదు.

లోపల ఎక్కడో బిడ్డ సన్నగా మూలిగింది.

“నేనొక మాట చెప్తా,” అన్నాడాయన, కోపం అణుచుకుని. “రేపట్నించి పొద్దున్నే మావోళ్ళు బండి తోలుకోనొస్తారు. పొద్దు నడినెత్తికొచ్చేదాకా మీ పేటోళ్ళు బాయి పక్కకు రావద్దు. మా బొక్కెనలు, మా తాళ్ళు. ఆ తరవాత మీరు తోడుకోండి. మీకు కావాల్సిన గింజలు నేనిస్తా.”

పదేళ్ళ కిందటైతే ఆ మాట వరమనుకునేవాళ్ళు. కరువులో గింజలంటే చిన్న సంగతి కాదు.

“గింజలొద్దు అయ్యా. మేం నీళ్ళు అమ్మడంలేదు. బాయి ఇడిసి పక్కకు పోయేది కూడా లేదు. వచ్చి మాతో నిలబడితే కడవ నిండుతాది. ఊరికే ఇస్తాం.”

“మీతో నిలబడాల్నా!” ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. “ఈ ఇంటి ఆడది మీ ఆడోళ్ళ వెనకాల కడవ పట్టుకోని నిలబడాల్నా? ఎవురు నేర్పినారే నీకీ మాటలు? మీ మిషను దొరలా?”

“దప్పిక నేర్పింది అయ్యా. నాకు ఒకసారి బాగా దప్పికైంది. మీకు గ్యాపకం ఉండాదో లేదో.”

ఆయన చూపు ఆమె మణికట్టు మీద పడింది. పడి, పక్కకు తప్పుకుంది.

“పొండి.”

వాళ్ళు వెనుదిరిగారు. నాలుగడుగులు వేశారో లేదో, వెనక తలుపు చప్పుడైంది. బిడ్డను భుజాన వేసుకుని, చంకలో ఇత్తడి బిందెతో దేవకమ్మ గడపలో నిలబడి ఉంది. ఆమె మొగుడు మునికృష్ణకు మద్రాసులో ఉద్యోగం. ఇంట్లో ఆమె తరఫున నోరెత్తేవాళ్ళు లేరు.

“మామా, నేను పోతా ఉండా.”

“గడప దాటినావంటే మళ్ళీ లోపలికి రావద్దు.”

“పాప పోయినాక నాకు ఈ గడపతో ఏం పని?” అంది దేవకమ్మ. గొంతు పెంచలేదు. తల వంచుకునే దాటింది.

బావి దగ్గర వరసలోని తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఎల్లప్ప తలపాగా తీసి మళ్ళీ కట్టుకున్నాడు. దేవకమ్మను ముందుకు పంపారు. పిలకాయలు పడిపోయిన ఇల్లు కదా. ఆమె బిడ్డను నిర్మలమ్మకిచ్చి తాడు పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక నీళ్ళు తోడిన చేతులు కావవి. బొక్కెన సగం పైకొచ్చి మళ్ళీ జారిపోయింది. ఒకామె సాయానికి చెయ్యి చాచింది.

“ఆగు,” అంది గురవమ్మ. “ఆ యమ్మినే తోడుకోనీ.”

నిర్మలమ్మకు అత్త మాట కటువుగా తోచింది. గురవమ్మకు మాత్రం తను చేస్తున్నదేమిటో తెలుసు. దానంగా పోసిన నీళ్ళయితే రేపు ఎవరైనా కాదనొచ్చు. ఇన్ని కళ్ళ ముందర, తన చేత్తో తోడుకున్న నీళ్ళను ఎవరూ కాదనలేరు. నాలుగోసారికి బొక్కెన గట్టెక్కింది. దేవకమ్మ అరచేతులు ఒరుసుకుని ఎర్రగా కమిలాయి. బిందె నింపుకుని, బిడ్డను ఎత్తుకుని, ఎవరి వైపూ చూడకుండా ఇంటిదారి పట్టింది.

గంటలోపల గురవమ్మ ఇంటికే తిరిగొచ్చింది. బిందె అలాగే నిండుగా ఉంది.

“తలుపు తియ్యలేదు గురవమ్మా,” అంది వాకిట్లో నిలబడి.

గురవమ్మ చాప పరిచింది. “లోపలికి రా అమ్మణ్ణీ. ముందు పాప పని సూద్దాం.”

మధ్యాహ్నమంతా నిర్మలమ్మ బిడ్డ పక్కనుంచి లేవలేదు. కాచి చల్లార్చిన నీళ్ళు, ఉప్పు వేసిన గంజి, మార్చి మార్చి పోసింది. కక్కితే తుడిచి మళ్ళీ పోసింది. నడుమ నడుమ కళ్ళు మూసుకుని పెదవులు కదిపేది. దేవకమ్మ ఆ పెదవుల వైపే చూస్తూ కూర్చుంది. పొద్దు వాలుతుండగా బిడ్డ కళ్ళు తెరిచి గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని ముగ్గురు ఆడవాళ్ళకూ గుండె కుదుటపడింది.

అప్పుడే బడి వదిలి జయరావు వచ్చాడు. తన ఇంట్లో, తన చాప మీద, చెంగయ్య నాయుడి కోడలు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. దేవకమ్మ లేచి ఒద్దికగా పక్కకు జరిగింది.

గురవమ్మ కొడుకు ముఖం చూడకుండా పొయ్యిలో పుల్లలు ఎగదోసింది.

“పాపకెట్ల ఉండాది?” అన్నాడు జయరావు. ఎవరినడిగాడో తెలియదు.

“ఏడ్సింది,” అంది నిర్మలమ్మ.

అతను తలూపాడు. లోపలికి రాలేదు, వెళ్ళిపోనూలేదు. గడప మీద కూర్చున్నాడు.

ఊరివైపు నుంచి తప్పెట చప్పుడు వినిపించింది. తలారి వెంకటముని గొంతు, గాలికి ముక్కలు ముక్కలుగా. ఊరి మనిషి ఎవరైనా పేట బావి తాడు ముట్టుకుంటే కులానికి వెలి. వాళ్ళింటికి నిప్పు లేదు, నీరు లేదు, పిలుపు లేదు. పెద్దింటి మాట.

“అయిపోయింది,” అన్నాడు జయరావు. “ఇంకెవురొస్తారు? ఎల్లప్ప మామ చెప్పిందే జరిగింది.”

దేవకమ్మ చీర కొంగు బిగించింది. “మా వీదిలో నాలుగిండ్లలో పిలకాయలు నా పాప మాదిరే పడుండారు,” అంది. “తల్లులకు రావాలని ఉండాది. మా మామ బయానికి కదల్లేదు. నేను పోయి తలుపు తలుపుకూ చెప్తా. నా పాప కండ్లు తెరిసిందని చెప్తా. నీళ్ళు కాంచేది, గంజి పోసేది ఎట్లనో కూడా చెప్తా.”

“ఆయన కొడితే?” జయరావు అనుకోకుండానే అడిగాడు.

ఆమె మొదటిసారి అతని వైపు సూటిగా చూసింది. “మీ అమ్మను కొట్టినాడు గదా అయివారూ. కొట్టినంక కూడా మీ అమ్మ ఆయన వాకిట్లో వచ్చి నిలబడింది. నేను లోపల తలుపు సందులోనుంచి సూస్తా ఉండినా.”

జయరావు లేచాడు. “తోడొస్తా.”

“వద్దు. నువ్వొస్తే వాళ్ళకు సాకు దొరుకుతాది. ఆడోళ్ళ దగ్గిరికి ఆడదాన్నే పోవాల.”

ఆమె బిడ్డను ఎత్తి, ఒక్క క్షణం ముఖానికి ఆనించుకుని, గురవమ్మ ఒళ్ళో పడుకోబెట్టింది. పెద్దింటి బిడ్డ, పేట ముసలమ్మ ఒళ్ళో. పోయిన వారమైతే ఆ మాట చెప్పినా ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

“నేను రావడం ఆలస్యమైతే…”

“ఆకలికి లేస్తే గంజి పోస్తాం. నువ్వు పో,” అంది గురవమ్మ.

ఆమె పోయాక గురవమ్మ ఇంట్లో ఉండలేకపోయింది. బిడ్డను భుజాన వేసుకుని బావిగట్టుకు పోయి కూర్చుంది. నోట్లో ప్రార్థన కుదరలేదు. ‘ప్రభువా, ఆ పిల్లను కొట్టనియ్యాకు’ అన్న ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ వచ్చింది. సాయంత్రం నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు కడవలు నింపుకుని కూడా ఇళ్ళకు పోలేదు. ఎల్లప్ప వచ్చాడు. బావి దగ్గరికి రానన్న జయరావు కూడా వచ్చాడు. వచ్చి, గట్టు మీదికెక్కి ఊరి బాట వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఎండ పసుపు తిరిగింది. బాట మీద దుమ్ము లేచింది.

“వస్తా ఉండారమ్మా,” అన్నాడు.

“ఎంతమందిరా?”

“సరిగా అగపడలేదు. ఏడెనిమిది మంది ఆడోళ్ళు. నెత్తిన బిందెలుండాయి. దేవకమ్మ ఎవురి బిడ్డనో ఎత్తుకోనుండాది.” అతను కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“ఏందిరా?”

“వాళ్ళ ముందర నడిసొచ్చేది చెంగయ్య నాయుడు.”

ఆడవాళ్ళు చంకల్లో కడవలు సర్దుకుని వెనక్కి జరగబోయారు. ఎల్లప్ప గురవమ్మ వైపు చూశాడు. ఆయన ఎందుకొస్తున్నాడో, వాళ్ళను తీసుకొస్తున్నాడో, అడ్డం పడడానికి వస్తున్నాడో ఎవరికీ తెలియదు.

గురవమ్మ బిడ్డ తలను భుజానికి అదుముకుని లేచి నిలబడింది.

“ఎవురూ కదలొద్దు,” అంది. “వరసలో ఇంకొక మనిషికి చోటియ్యండి.”